తడికాళ్ళ పద్యం

మైలవరంలో ఒక పెద్దావిడ కాలు విరగ్గొట్టుకోకపోతే నేను మా నాన్న పెట్టె తెరిచేదాన్నే కాదు. ఆవిడ నా స్నేహితురాలు సుజాతకు పిన్ని, పేరు పద్మావతి. పెరట్లో కుళాయి దగ్గర జారిపడి పిండికట్టుతో మంచం మీద ఉంటే, "ఒక్కదాన్నే బస్సులో పోలేనే, తోడు రా" అని సుజాత నన్ను లాక్కుపోయింది. ఇలాంటి పలకరింపుల్లో మనం చెయ్యాల్సినవి రెండే పనులు. జారిపడిన వైనం మొదటినుంచి చివరిదాకా వినాలి. తరవాత, మనకు తెలిసినవాళ్ళలో ఇంతకంటే ఘోరంగా పడ్డవాళ్ళ సంగతి చెప్పి ధైర్యం ఇవ్వాలి. మొదటి పని ఇంకా సాగుతుండగానే నా చూపు ఆవిడ తలవైపు గోడ మీద పడింది. అక్కడ ఫ్రేము కట్టిన గులాబీరంగు కాగితం ఒకటి వేలాడుతోంది. రంగు వెలిసి ఉల్లిపొరలా అయింది గానీ అంచున బంగారు లతలు ఇంకా మెరుస్తున్నాయి. అడుగున మా నాన్న పేరు ఉంది.

నా చూపు పసిగట్టి పద్మావతిగారు కాలి సంగతి వదిలేశారు. "అది మా పెళ్ళిలో చదివిన పద్యమండీ. విజయవాడ నుంచి ఒక మాస్టారు వచ్చి చదివారు. అంతకు ముందు నన్ను ఒక్కసారైనా చూసింది లేదు. ఎట్లా కనిపెట్టారో నా అలకతో సహా పద్యంలో పెట్టేశారు! మా ఆయన ఉన్నన్నాళ్ళూ, నేను మూతి ముడిస్తే చాలు, వంటింటి గుమ్మంలో నిలబడి 'అలిగెనేని పొయ్యి యారిపోవు' అని రాగం తీసేవారు. ఇంకేం అలుగుతాం చెప్పండి" అన్నారు. సుజాత నోరు ఊరుకోక, "పిన్నీ, ఆ మాస్టారి కూతురేనే ఇది!" అనేసింది. ఆవిడ పడుకునే రెండు చేతులూ జోడించారు. "అయ్యో, చెప్పరేమండీ! మీరెంత అదృష్టవంతులమ్మా. ఊళ్ళోవాళ్ళ పిల్లకే అంత మంచి పద్యం రాసిచ్చారే, సొంత కూతురి పెళ్ళికి ఇంకెంత గొప్పది రాసుంటారో!" అన్నారు. నేను నవ్వి కాఫీ తాగాను. సుజాత కిటికీలోంచి బయటికి చూసింది, ఎందుకంటే దానికి సంగతంతా తెలుసు.

సంగతేమిటో చెప్పాలంటే ముందు పెళ్ళిపద్యాలంటే ఏమిటో చెప్పాలి. మా కృష్ణా జిల్లాలో ఒకప్పుడు పెళ్ళికి సన్నాయి ఎంత అవసరమో పద్యాలూ అంతే. తలంబ్రాలయ్యి, జనం విస్తళ్ళ వైపు ఆశగా చూసే సమయానికి సరిగ్గా ఒక కవిగారు లేచి, గొంతు సవరించుకుని, వధూవరులను ఆశీర్వదిస్తూ ఐదు పద్యాలు రాగం తీసి చదివేవారు. వాటినే గులాబీ కాగితాల మీద అచ్చు వేయించి అందరికీ పంచేవాళ్ళు. సగం మంది వాటితో విసురుకునేవాళ్ళు, మిగతా సగం మంది పిల్లల కోసం వాటిలో లడ్డూ చుట్టుకుపోయేవాళ్ళు. ఒక్క ప్రతి మాత్రం ఫ్రేము కట్టించి కొత్త జంట చేతిలో పెట్టేవాళ్ళు. మా నాన్న పగలు హైస్కూల్లో తెలుగు మాస్టారు, సాయంత్రాలు బెజవాడ పెళ్ళిళ్ళకు పద్యాలు సరఫరా చేసే కవి. పద్యానికి డబ్బు పుచ్చుకోవడమంటే సరస్వతిని అమ్ముకోవడమేనని ఆయన సిద్ధాంతం. మంగళగిరి పంచెల చాపు పుచ్చుకోవడానికి మాత్రం సరస్వతికి అభ్యంతరం ఉండేది కాదు. మా ఇంట్లో కిటికీ తెరలు పంచెలు, దిండు గలీబులు పంచెలు, చివరికి వంటింట్లో మసిగుడ్డలు కూడా పంచెలే. జరీ అంచు మసిగుడ్డతో పాలగిన్నె దించుకున్న ఇల్లు ఊరు మొత్తం మీద మాదొక్కటే అయివుంటుంది.

ఇల్లు సత్యనారాయణపురంలో, ఏలూరు కాలువకు నాలుగడుగుల్లో ఉండేది. ముందు వసారా, నున్నటి గచ్చు, వసారాలో నాన్న పడక్కుర్చీ, దాని చుట్టూ నేల మీద పరిచిన కాగితాలు. ఆయనకు బల్ల మీద పద్యం రాదు, నేల మీదే రావాలి. నశ్యం ఘాటు, సిరా వాసన, కాలువ నుంచి వచ్చే బురద వాసన, వంటింట్లోంచి అమ్మ పెట్టే ఇంగువ తాలింపు, ఇవన్నీ కలిపితే నా చిన్నతనం. నశ్యం పీల్చి ఆయన తుమ్మితే కాగితాలు ఎగిరేవి. వాటిని ఏరుతూ "మళ్ళీ మొదటికొచ్చింది" అనేవాడు. అవి తెల్లకాగితాలేమీ కావు. పిల్లల పరీక్ష పేపర్ల వెనకవైపు, శుభలేఖల లోపలివైపు, క్యాలెండరు చింపిన నెలలు. ఒక తరం విద్యార్థులకు అర్ధసంవత్సర పరీక్షల్లో ఎన్ని మార్కులు వచ్చాయో ఈ రోజుకీ తెలియదు. వాళ్ళ జవాబుల వెనక ఎవరి పెళ్ళో జరిగిపోయింది.

పద్యం కావాలని పెళ్ళికూతురి తండ్రి పళ్ళూ తాంబూలాలతో వచ్చేవాడు. నాన్న అడిగే ప్రశ్న ఒక్కటే. "అమ్మాయిని ఇంట్లో ఏమని పిలుస్తారండీ?" ఆయన "అలివేలుమంగతాయారండీ" అంటే నాన్న ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క ఉండేది కాదు. "అహఁ, ముద్దుగా, ముద్దుగా ఏమని?" అని బతిమాలేవాడు. "మంగ అంటామండీ" అనగానే ప్రాణం లేచొచ్చేది. "కూర్చోండి, అమ్మవారి దయ" అని కళ్ళు మూసుకుని వసారాలో అటూ ఇటూ పావుగంట తిరిగేవాడు. ఆ పావుగంటా లోపల అమ్మా నేనూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుకునేవాళ్ళం. ఎందుకంటే ఆ పద్యం ఎప్పుడో తయారై ఉంది. ఐదింటిలో మొదటి నాలుగూ వినాయకుడికీ, వెంకటేశ్వరస్వామికీ, వియ్యాలవారికీ చెందిన మామూలు సరుకు. ఐదోది మాత్రం అందరికీ నచ్చే పద్యం. అందులో రెండు మాటలే మారేవి.

"తడిపదముల వచ్చు తల్లి మా యింటికి, అడుగుముద్ర లన్ని యచ్చు ముగ్గు" అని మొదలవుతుంది. మూడో పాదంలో పెళ్ళికూతురు నవ్వుతుంది, దీపాలు వెలుగుతాయి. ఆమె పేరు ఏ అక్షరంతో మొదలైతే ఆ దీపాలకు ముందున్న మాట కూడా దానికి పొత్తు కుదిరే అక్షరంతో మొదలవ్వాలి, అది పద్యం పెట్టే నిబంధన. అందుకని పద్మ నవ్వితే పందిట దీపాలు, వాణి నవ్వితే వాకిట దీపాలు, రాధ నవ్వితే రత్నాల దీపాలు, మంగ నవ్వితే మండువా దీపాలు. సీతలంటే నాన్నకు భయం, వాళ్ళకు చీకటి దీపాలు తప్ప కుదిరేవి కావు. ఒక పెళ్ళిలో వియ్యపురాలు చీకటి అన్న మాట పట్టుకుని భోజనాల దగ్గర రభస చేసిందట కూడా. ఈ పట్టికంతా బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉండేది. పావుగంట తపస్సు చివర్లో నాన్న నశ్యం డబ్బా కోసమన్నట్టు లోపలికి వచ్చి, బీరువా తెరిచి, పట్టిక చూసి, మళ్ళీ బయటికి పోయి కళ్ళు తెరిచేవాడు. వచ్చినాయన సాష్టాంగపడేవాడు.

అసలు పెళ్ళికూతురు తడికాళ్ళతో రావడమేమిటని ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. ఒక సాహిత్య సభలో ఒక పండితుడు లేచి దానికి అరగంట వ్యాఖ్యానం చెప్పాడు. పాలకడలిలోంచి అప్పుడే లేచి వచ్చిన లక్ష్మీదేవి పాదాలు తడిగా కాక ఎలా ఉంటాయి, ఏమి ధ్వని, ఏమి ధ్వని అన్నాడు. నాన్న తల వంచుకుని, ఇంత రహస్యం బయటపెట్టేశారే అన్నట్టు కూర్చున్నాడు. ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఆవిడ గిన్నె తోముతూ, "లక్ష్మీదేవైనా సరే, గుమ్మంలో గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకునే రావాలి" అంది. ఆ మాట అని నావైపు చూసింది. నాకు ఆ చూపు అర్థం కాలేదు. కాలువ రేవులో అమ్మ బట్టలు ఉతుకుతుంటే నేను నీళ్ళలో ఆడి, తడికాళ్ళతో ఇల్లంతా తొక్కడం, అమ్మ వెనకాలే గుడ్డ పట్టుకు తిరగడం మా ఇంట్లో రోజూ ఉండేదే. నాకు పడే తిట్లలో అదొకటి అనుకున్నాను.

ఇంతమంది పెళ్ళికూతుళ్ళు రెండు మాటల తేడాతో ఒకే పద్యం కట్టుకుని అత్తారిళ్ళకు పోవడం చూస్తూ పెరిగిన నాకు ఒకటే ఆశ ఉండేది. నా పెళ్ళికి మాత్రం నాన్న కొత్తది రాస్తాడు. రాయకేం చేస్తాడు, ఒక్కగానొక్క కూతుర్ని. నెలరోజుల ముందు నుంచీ బీరువా దగ్గరికి పోతాడేమోనని కాపలా కాశాను. పోలేదు. నా సంబరం ఇంతా అంతా కాదు. పెళ్ళిరోజు తలంబ్రాలయ్యాయి, నాన్న లేచాడు, గొంతు సవరించుకున్నాడు, నాలుగు మామూలు పద్యాలూ అయ్యాయి. ఐదోది ఎత్తుకున్నాడు. తడిపదముల వచ్చు తల్లి మా యింటికి. నెత్తిన జీలకర్ర బెల్లంతో, మెడలో పూలదండతో నేను అక్కడే కుప్పకూలాల్సింది. బంధువుల పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు, వాళ్ళకూ ఆ పద్యం కంఠతా వచ్చు. బీరువా దగ్గరికి ఎందుకు పోలేదో అప్పుడు తెలిసింది. నా పేరుకు పట్టిక అక్కర్లేకుండానే కుదిరిపోయినట్టుంది.

ఫ్రేము కట్టిన కాగితం ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను పళ్ళ బిగువున అడిగాను.

"నాన్నా, ఇది ఎన్నోసారి?"

"ఇదే మొదటిసారమ్మా" అన్నాడు.

పక్కనున్న మేనత్త నవ్వు ఆపుకోలేక దండ సర్దుతున్నట్టు నటించింది. నేను ఆ ఫ్రేమును అత్తారింటికి తీసుకుపోలేదు. అమ్మ దాన్ని చాలాకాలం అటక మీద ఆవకాయ జాడీకి మూతగా వాడింది. ఆ జవాబును మాత్రం నేను ఊరికే వదల్లేదు. మా నాన్న జన్మలో ఒకే ఒక్క అబద్ధమాడాడు, అదీ నా పెళ్ళి పీటల మీద అని కాలేజీ స్టాఫ్‌రూములో చెప్పాను, అత్తగారికి చెప్పాను, నా పిల్లలకు చెప్పాను. నాన్న పోయినప్పుడు సంతాపసభలో మైకు ఇస్తే అక్కడా చెప్పాను. జనం ఘొల్లుమన్నారు. అమ్మ మొదటి వరసలో కూర్చుని ఉంది, నవ్వలేదు. దుఃఖంలో ఉంది కదా అనుకున్నాను. రెండేళ్ళకు అమ్మా పోయింది.

మైలవరం నుంచి వచ్చిన వారంలోనే కామేశ్వరరావుగారు ఫోన్ చేశారు. నాన్న దగ్గర చదువుకుని, ఇప్పుడు రిటైరై, ఊళ్ళో ఒక సాహితీ సమితికి కార్యదర్శిగా ఉన్నారు. "మాస్టారి సమగ్ర రచనలు వేద్దామనుకుంటున్నామమ్మా. ఆదివారం వచ్చి పెట్టె తీసుకెళ్తాను. పెళ్ళిపద్యాల్లాంటి చిల్లర వద్దు, అవి పక్కన పెట్టెయ్యండి. మాకు ముఖ్యంగా ఆ మహాకావ్యం కావాలండీ" అన్నారు. మహాకావ్యమంటే కృష్ణానది మీద నాన్న రాస్తున్నానని ముప్ఫై ఏళ్ళు చెప్పిన కావ్యం. దాన్ని చూసినవాళ్ళు లేరు. పెట్టె మా ఫ్లాట్‌లో అటక మీద ఎన్నో ఏళ్ళుగా ఉంది. నేనెప్పుడూ తెరవలేదు. నాది కాని పద్యాలు కట్టలకొద్దీ చూసి ఏం చెయ్యాలి? మైలవరంలో ఆ గోడ చూసి రాకపోతే మూత తియ్యకుండానే ఇచ్చేసేదాన్ని. మర్నాడు పొద్దున పనమ్మాయి చేత దింపించి, హాల్లో టైల్స్ మీద పెట్టి మూత తీశాను. వెంటనే తుమ్ము వచ్చింది. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ నశ్యం పనిచేస్తోంది.

పైనంతా చిల్లరే. గులాబీ కాగితాలు కట్టలు కట్టలు. రాధలూ వాణులూ మంగలూ, అక్కడక్కడా భయంభయంగా ఒక సీత. చదువుతుంటే నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో పెళ్ళిళ్ళవుతున్నాయి. తలల మీద డ్రోను తిరుగుతుంది, పెళ్ళికూతురు తెర మీద సినిమా తారలా నడిచొస్తుంది, శుభలేఖ ఫోనులోకి వచ్చి మర్నాటికి కనబడదు. ఏ గోడ మీదా ఏదీ మిగలదు. మా నాన్న అందరికీ ఒకే అబద్ధం అంటగట్టాడేమో గానీ, అది నమ్మి ఒక మొగుడు వంటింటి గుమ్మంలో జీవితాంతం రాగం తీశాడు. డ్రోనుకు అది చేతకాదు.

కట్టలన్నీ తీస్తే అడుగున ఎర్రగుడ్డలో మహాకావ్యం దొరికింది. ముఖపత్రం ఉంది. అంకితం ఉంది, ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరిది, అది కొట్టేసి మరొకరిది. పీఠిక మూడు రకాలుగా ఉంది. తన కావ్యం గురించి తనే రాసుకున్న ప్రశంస కూడా ఉంది, కింద సంతకానికి ఖాళీ వదిలి. ఇక కావ్యం ఒక్కటే పేజీ. మొదటి పద్యం దగ్గరే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆ పేజీ చూస్తే తెలుస్తోంది. అక్షరాల మీద సిరా అలికిపోయి, మధ్యలో ఒక పాదం పడి ఉంది. ఐదు వేళ్ళూ, మడమా స్పష్టంగా ఉన్నాయి. నా అరచేతి కంటే చిన్న పాదం.

దాని కింద, మిగిలిన ఖాళీలో, నాన్న చేతిరాత ఉంది.

"గౌరి తడికాళ్ళతో వచ్చి తొక్కింది. కొట్టబోతే నవ్వింది. పోయిన పద్యం మళ్ళీ గుర్తు రాలేదు. ఇది వచ్చింది."

తడిపదముల వచ్చు తల్లి మా యింటికి
అడుగుముద్ర లన్ని యచ్చు ముగ్గు
గౌరి నవ్వెనేని గడపలో దీపాలు
అలిగెనేని పొయ్యి యారిపోవు

గౌరి నేనే. ఆ పద్యంలో 'గౌరి' మీద పెన్సిలుతో సన్నగా ఒక గీత ఉంది, పైన 'రాధ' అని రాసి ఉంది. 'గడపలో' మీద గీత, పైన 'రత్నాల'. ఆ రాధ ఎవరో, వాళ్ళ నాన్న ఏ పళ్ళు తెచ్చాడో, ఆయన ముందు కొత్తది తోచక మా నాన్న ఎంత తికమకపడ్డాడో నాకు తెలియదు. చేతిలో ఉన్నది నా పద్యం, అదే తీసి ఇచ్చేశాడు. ఒకసారి ఇచ్చాక ఊరంతా అదే కావాలంది. పాలకడలీ లేదు, లక్ష్మీ లేదు. కాలువ నీళ్ళు, నేను. అమ్మకు ఈ సంగతి మొదటినుంచీ తెలుసు, గోనెపట్టా మాట అని నావైపు చూసింది అందుకే. సంతాపసభలో మొదటి వరసలో కూర్చుని, మైకులో నా మాటలు వింటూ ఆవిడ ఏమనుకుందో!

నేను టైల్స్ మీద చతికిలబడి ఏడ్చాను. పనమ్మాయి పరిగెత్తుకొచ్చి, "ఏందమ్మగారూ, ఎవరన్నా పోయారా?" అంది. ఎప్పుడో పోయారని చెప్పాను. బెజవాడ పెళ్ళికూతుళ్ళందరికీ నా పద్యం ఎరువిచ్చి, నా పేరు తీసి వాళ్ళ పేర్లు పెట్టి, చివరికి నా పెళ్ళిరోజున నా పేరు నా పద్యంలో మళ్ళీ పెట్టి చదివాడు మా నాన్న. అందరి ముందూ గౌరి అని ఆయన ఆ పద్యాన్ని పాడడం నిజంగానే అదే మొదటిసారి. అడిగితే ఉన్నమాటే చెప్పాడు. తిట్టుకోవడానికి ఆయనా లేడు, చెంపలేసుకోవడానికి అమ్మా లేదు.

మైలవరం ఫోన్ చేద్దామా అని ఒక క్షణం అనుకుని మానేశాను. పద్మావతిగారి అలక పద్మావతిగారిదే, ఆ గోడ మీద ఆ కాగితం అట్లాగే ఉండనీ.

ఆదివారం కామేశ్వరరావుగారు ఆటోలో వచ్చారు. ముఖపత్రం, అంకితాలు, మూడు పీఠికలూ భక్తిగా కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకున్నారు. గులాబీ కట్టలు కూడా తీసుకోవాల్సిందేనని, చిల్లర లేకుండా సమగ్రమెట్లా అవుతుందని నేను దెబ్బలాడితే అవీ తీసుకున్నారు. ఎర్రగుడ్డ దులిపి చూసి, "కావ్యం ఏదమ్మా? ఒక్క పేజీ అయినా లేదే!" అన్నారు.

"ఒక్క పేజీ ఉందండీ. అది మాత్రం ఇవ్వను."

"అదేంటమ్మా, మహాకావ్యంలో మిగిలింది అదొక్కటే కదా!"

"కావ్యం కాదండీ," అన్నాను, "అది నా పెళ్ళిపద్యం."